సమాధానం రాలేదు

1945 జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, బెజవాడలో, ఆరాధన ముగించి ఇంటికి బయలుదేరిన పాస్టరు అబ్రహాముకు చర్చి మెట్ల మీద రాఘవమ్మ అడ్డం నిలిచింది. ఆమె భవానీపురంలో మగ్గం నేసే ఇంటి మనిషి. మతం పుచ్చుకోలేదు. నెల్లాళ్లుగా వచ్చి వెనక వరసలో కూర్చుని పోతోంది.

"సమాధానం ఇంకా రాలేదండి, అయ్యగారూ," అంది.

"ఏం సమాధానమమ్మా?"

"మీరేగా సంతలో నిలబడి చెప్పారు, రండి, దేవుడు సమాధానం ఇస్తాడని! గోడ మీద కూడా రాయించారట."

గోడ మీద ఉన్నది ఆశీర్వాద వచనం: యెహోవా నీకు సమాధానము కలుగజేయును గాక.

అబ్రహాము బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఇంతకీ మీ కష్టమేమిటి?"

"మా అబ్బాయి చౌడయ్య సైన్యంలో చేరాడండి. బర్మా పంపించారు. అక్కడేమో..."

"తెలిసింది. ఉత్తరం ముక్క లేదు, అంతేగా? చూడమ్మా, బైబిల్లో సమాధానమంటే జవాబు కాదు."

"అదేనండి, నేను..."

"ముందు వినండి. పాత నిబంధన రాసింది హీబ్రూలో. అందులో ఆ మాట షాలోం."

పాస్టరు ఇల్లు చర్చి పక్కనే. ఆయన భార్య దానమ్మ వాకిట్లోంచి కేక వేసింది. "హీబ్రూ ఎత్తుకున్నారా? అయితే కూర మళ్లీ పొయ్యి మీద పెట్టాలి."

"నువ్వుండవే!" అని ఆయన ఇటు తిరిగాడు. "షాలోం అంటే శాంతి, ఏదీ తక్కువ కాకుండా నిండుగా ఉండటం. బలిపీఠానికి చెక్కుచెదరని రాళ్లు వాడమన్న చోట అదే ధాతువు. ఒకడి ఎద్దు ఇంకొకడి గోతిలో పడి చస్తే, గొయ్యి తవ్వినవాడు నష్టం పూడ్చాలన్న చోటా అదే. లోటు పూడితే షాలోం."

"చచ్చిన ఎద్దు తిరిగి రాదు గదండి."

"రాదు."

"మరి పూడేదేమిటి?"

"మూడు వారాలు ఈ మాట మీదే ప్రసంగం చేశాను!" అబ్రహాము గొంతు పెరిగింది. "మీరు వెనక కూర్చుని విన్నదేమిటి?"

"విన్నానండి. ఎప్పటికైనా అర్థమయ్యేట్టు చెబుతారని ఆగాను."

వాకిట్లో దానమ్మ నవ్వింది.

"సరే, ఇది వినండి. షూనేము అనే ఊళ్లో ఒక తల్లి. కొడుకు చచ్చి మంచం మీద ఉన్నాడు. ప్రవక్త పంపిన మనిషి ఎదురొచ్చి, పిల్లవాడు షాలోమా అని అడిగాడు. షాలోం అంది. మనవాళ్లు తెలుగులో సుఖమని రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో ఎవరికీ పట్టదు."

"కొడుకు పోయాక అందా?"

"పోయాకే."

"ఎట్లా అనగలిగిందండి?"

అబ్రహాము నాలుక కరుచుకున్నాడు. ఏ తల్లికి ఏ కథ చెబుతున్నాడో అప్పుడు తట్టింది.

"మాటవరసకు చెప్పానమ్మా. మీవాడికేం కాదు. ఈ షాలోం సంగతి తరవాత చూద్దాం." జేబులోంచి కలం తీశాడు. "మీకు కావలసిన జవాబు నేను తెప్పిస్తాను. మద్రాసులో సైన్యం ఆఫీసుకు ఇవాళే రాస్తాను. అబ్బాయి పూర్తి పేరు చెప్పండి."

రాఘవమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"జవాబు వచ్చిందండి," అంది. "చౌడయ్య పోయాడని తాసిల్దారు కచేరీ బంట్రోతు మాఘంలోనే ఇంటికొచ్చి చెప్పిపోయాడు. మీరు చెబుతున్న ఆ రెండో సమాధానమే రాలేదు."