ఏడో సంతకం

"రెండు చెవులూ కనపడాలి సార్," అంది ఆరో బల్ల దగ్గరి గుమస్తా, ఫొటోని వెలుతురుకి ఎత్తి పట్టుకుని. "కుడి చెవి పూర్తిగా ఉంది. ఎడమది సగమే ఉంది."

"మిగతా సగం తల వెనకాలే ఉందమ్మా. ఎక్కడికీ పోలేదు," అన్నాడాయన.

"ఉంటుంది సార్, నేను కాదనను. కాగితం మీద లేదు కదా."

ఆయన గోడ గడియారం వంక చూశాడు. రెండున్నర. నాలుగింటికల్లా ఆ నిరభ్యంతర పత్రం రాయబార కార్యాలయంలో ఇవ్వాలి. ఈ మనిషి దేశం దాటి వెళ్తే ఎవరికీ అభ్యంతరం లేదని ఏడుగురు వరసగా సంతకాలు పెట్టాల్సిన కాగితం అది. ఇవాళ ఇవ్వకపోతే వీసా మురిగిపోతుంది. అక్కడి కంపెనీ ఆ ఉద్యోగాన్ని జాబితాలో తర్వాతివాడికి ఇచ్చేస్తుంది. ఇక్కడి ఉద్యోగానికి చేసిన రాజీనామా నిన్న సాయంత్రమే ఆమోదం పొందింది. అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు, మంచాలు అమ్మేశారు. భార్య రెండు పెట్టెల మధ్య కూర్చుని గంటకోసారి ఫోన్ చేస్తోంది. ఈ కాగితం చేతికి రాకపోతే ఆయన రెంటికీ చెడినట్టే.

"పోనీ, ముందు సంతకం పెట్టెయ్. ఫొటో సాయంత్రంలోగా తెచ్చిస్తాను."

"అలా ఎలా కుదురుతుంది సార్? రూలు మీకు తెలియంది కాదు."

ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. పాపం, లేచి నిలబడే మాట్లాడుతోంది. సంతకం మాత్రం పెట్టలేదు. పదకొండు రోజులుగా ఆయనకి ప్రతి బల్ల దగ్గరా ఇదే మర్యాద. కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, రేపు రమ్మంటారు.

ఎదురు సందులోని స్టూడియోకి ఆయన ఇంచుమించు పరుగెత్తాడు. ఫొటోగ్రాఫరు ఆయన తలని రెండు చేతులా పట్టుకుని, సంతలో పుచ్చకాయని తిప్పి చూసినట్టు అటూ ఇటూ తిప్పి, చెవుల వెనక చెరో దూది ఉండ దోపాడు.

"చెవులు ముందుకి రావాలంటే ఇదొక్కటే మార్గం సార్. కదలకండి."

డబ్బులివ్వబోతే అడ్డంగా తలూపాడు. "మీ దగ్గరా సార్? ఈ చెవుల రూలు వచ్చాకే నేను రెండో కెమెరా కొన్నాను."

నాలుగోసారి ఫొటో దిగుతున్న మనిషి మీద ఆ మాత్రం అభిమానం ఉండడం సహజమే. ఆయన ఫొటోలు తడి ఆరకుండానే పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఈలోగా ఆరో బల్ల ముందు వరస పెరిగింది. టోకెన్ తీసుకుని బెంచీ చివర కూర్చోక తప్పలేదు.

పక్కనే ఆస్పత్రి యూనిఫాంలో ఒక నర్సు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీదెన్నోదండీ?"

"ఆరోది."

"అదృష్టవంతులు. నాది మూడు దగ్గరే ఆగింది. వేలిముద్ర సరిగా పడలేదన్నారు. డ్యూటీలో చేతులు కడిగి కడిగి గీతలు అరిగిపోయాయి సార్ అంటే, గీతలు పెరిగాక రమ్మన్నారు."

"ఎన్నాళ్లయింది?"

"ఏడు నెలలు. అక్కడి ఆస్పత్రి వాళ్లు రెండుసార్లు గడువు పెంచారు. ఇంక ఆగరట." ఆవిడ తన వేళ్ల వంక ఒకసారి చూసుకుంది. "ఈ పద్ధతి కనిపెట్టిన పుణ్యాత్ముడెవరోగానీ, ఒక్క పూట తీసుకొచ్చి ఈ బెంచీ మీద కూర్చోబెడితే తెలిసొచ్చేది."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"బాగా గట్టిగా ఉందమ్మా బెంచీ," అన్నాడు.

మూడూ ఇరవైకి పిలుపు వచ్చింది. గుమస్తా కొత్త ఫొటోలో చెవులు లెక్కపెట్టుకుని, తృప్తి పడి, సంతకం గీకింది. ఆయన బయటికి రాగానే ఫోన్ మోగింది.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఇంకొక్కటే. నిమిషం పని."

"మీ నిమిషాలు నాకు తెలియనివా? ఇంతకీ పెట్టెలు ఆటో ఎక్కించనా, వద్దా?"

"ఎక్కించు."

పెళ్లినాటి నుంచీ ఆవిడకి ఇంత ధైర్యంగా జవాబు చెప్పిన సందర్భం మరొకటి లేదు. ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, పై అంతస్తు వరండాలో చివరి గది దగ్గరికి చేరాడు. తలుపుకి తాళం వేసి ఉంది. పక్కన స్టూలు మీద కూర్చున్న అటెండరు చటుక్కున లేచి నిలబడ్డాడు.

"సీటు ఖాళీ సార్."

"ఆ సంగతి తెలుసయ్యా. ఇన్‌చార్జి ఎవరు?"

"ఎవరూ లేరు సార్. ఏడో సంతకం ఇన్‌చార్జి పెడితే చెల్లదని రూల్లోనే ఉందట. ఇందాకే అందరూ తీసి చూశారు."

"కొత్తాయన ఎప్పుడొస్తాడు?"

"రెండు మూడు నెలలు పట్టొచ్చంటున్నారు."

కింద వీధిలో ఎవరిదో ఆటో హారన్ మోగింది. పెట్టెలూ, వాటి మధ్య కూర్చున్న భార్యా ఆయన కళ్ల ముందు మెదిలారు. ఆవిడకి ఏమని చెప్పాలో తోచలేదు. భయం వేసింది. సిగ్గు కూడా వేసింది.

"ముద్ర లోపల సొరుగులోనే ఉంటుంది. ఒక్కసారి తలుపు తియ్యవయ్యా. ఎవరికీ తెలియదు."

అటెండరు తాళంచెవిని గుప్పిట్లో బిగించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బయటివాళ్లని లోపలికి పంపితే నా ఉద్యోగం పోతుంది సార్. ఏమీ అనుకోకండి."

ఆయన తలెత్తి తలుపు వంక చూశాడు.

దాని మీది పలకపై ఇంకా ఆయన పేరే ఉంది.