బుడగకు గీసిన గడ్డం

మాస్టారి చెవి కింద నెత్తురు బొట్టు లేచింది.

"నిన్న కణత, ఇవాళ చెవి. రేపు పీకేనా?" మాస్టారు మెడలోని తువ్వాలు లాగి కుర్చీలో విసిరికొట్టి, నురగ మొహంతోనే బయటికి నడిచాడు.

సెలూన్ యజమాని బావమరిది వైపు తిరిగాడు. కత్తి పట్టిన ఆ చేయి ఇంకా వణుకుతూనే ఉంది.

"పొద్దున్నే ఎంత పట్టించావురా?"

"చుక్క ముట్టలేదు బావా. పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదు. నెల రోజులుగా ఇంతే. చేయి చాపితే చాలు, వణుకు. ఏదో జబ్బు."

"ఆహా! తాగుబోతులందరికీ వచ్చే జబ్బే."

"కావాలంటే నా నోరు వాసన చూడు."

"లవంగం నమిలితే ఏం తెలుస్తుంది? నాకు నీ నోటితో పని లేదు. చేయి చెబుతోందిగా."

బల్ల మీద వంతు కోసం కూర్చున్నవాళ్లలో ఒకడు లేచాడు. "మీ ఇంటి గొడవలోకి మా పీకలు లాగకండి బాబూ."

యజమాని మొహం మాడిపోయింది. సొరుగు లాగి ఎర్ర బుడగ ఒకటి తీశాడు. ఊదిన బుడగకు నురగ పూసి కత్తితో గీయాలి. పగిలితే పని లేదు. కొత్తగా చేరేవాడికి పెట్టే పరీక్ష అది. మొదటి కుర్చీ దగ్గర పదహారేళ్లుగా నిలబడ్డవాడికి ఎప్పుడూ పెట్టలేదు.

"రెండింటికి రా. ఇది పగిలిందా, ఈ కుర్చీ నీది కాదు. మీ అక్క వచ్చి నా కాళ్లు పట్టుకున్నా సరే."

"అక్కను మధ్యలోకి తేకు."

"దాని మొహం చూసే ఇన్నాళ్లు భరించాను. ఫో!"

రెండింటికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. కత్తికి కొత్త బ్లేడు వేసుకున్నాడు.

యజమాని బుడగను ముట్టుకుంటే పేలేటంత బిగువుగా ఊదాడు. నురగ పూసి, ముడి దగ్గర పట్టుకుని చేయి చాచి నిలబడ్డాడు. బల్ల మీదివాళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు.

కత్తి పైనుంచి కిందికి జారింది. తెల్లటి నురగ లేచిన చోటల్లా ఎర్రటి చార. ఒకటి, రెండు, ఎనిమిది. బుడగ శుభ్రంగా నున్నగా మిగిలింది.

బల్ల మీద చప్పట్లు.

"చూశారా?" యజమాని వాళ్ల వైపు తిరిగి పెద్దగా నవ్వాడు. "పొద్దున తాగింది దిగింది, చేయి నిలబడింది. జబ్బట జబ్బు! వీడి దొంగ వేషాలు నాకు తెలియవా?"

బావమరిది పెదవులు బిగించి కత్తి తుడుచుకున్నాడు.

పారిపోయిన బేరాన్ని వెనక్కి తేవాలి. యజమాని తనే వెళ్లి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. "నా గడ్డం గీయరా, అందరూ చూస్తారు. ఇకనుంచి రోజూ ఇలాగే రావాలి. అర్థమైందా?"

బావమరిది నురగ పూశాడు. బావ తల వెనక్కి వంచాడు. కత్తి సరిగ్గా గొంతు ముడి కింద ఆగింది. అప్పుడు చెవి దగ్గరికి వంగాడు. నోరు తెరవగానే వాసన గుప్పుమంది.

"డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను బావా. నరాల వణుకట. మాత్రలు పని చేయడానికి నెల పడుతుందట. తాగితే మాత్రం కాసేపు ఆగుతుందట, అలవాటు చేసుకోవద్దన్నాడు. జీవితంలో మొదటిసారి, క్వార్టర్ సీసా మొత్తం దించి వచ్చాను. కదలకు."