కింది ఇంటి అత్తగారు

కుట్టుమిషను ఆగగానే కింద ఇంటి నుంచి వినిపించింది.

టక్, టక్.

ఆమె చేతులు గుడ్డ మీద అలాగే బిగుసుకుపోయాయి. బాబిన్‌లో దారం అయిపోయి ఆపింది, అంతే. దారం మార్చి మళ్లీ మొదలుపెట్టడానికి ఇక ధైర్యం చాలలేదు. మిషను మీద గుడ్డ కప్పేసింది.

కింది ఇంటావిడ వయసులో బాగా పెద్దది. మోకాళ్లు పనిచెయ్యవు. ఒంటరిగా ఉంటుంది. చేతికర్ర ఎత్తి తన ఇంటి కప్పు మీద కొట్టిందంటే, పైన వీళ్ల చెక్కనేల అరికాళ్ల కింద అదురుతుంది.

సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చిన భర్త బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“ఇవాళ కూడా కొట్టిందా మీ అత్తగారు?”

ఆ పేరు పెట్టింది అతనే. అసలు అత్తగారు స్వదేశంలో ఉండిపోయారు కదా, ఆ లోటు ఈవిడ తీరుస్తోందని వేళాకోళం.

“కొట్టింది. కుట్టినంతసేపూ కిక్కురుమనదు. ఆపగానే కొడుతుంది. అంతసేపూ పళ్లు బిగబట్టుకుని కూర్చుంటుంది కాబోలు.”

“ఇంటివాళ్లతో చెప్పిందంటే మనల్ని ఖాళీ చెయ్యమంటారు. ఈ ఇల్లు దొరకడానికే తల ప్రాణం తోకకొచ్చింది.” అతను కళ్లు మూసుకున్నాడు. “మిషను అమ్మేద్దామా?”

ఆమె మిషను మీద కప్పిన గుడ్డను సర్దింది.

ఈ దేశంలో అతనికి ఉద్యోగం ఉంది. ఆమెకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. పొద్దున్నే అతను వెళ్లాక మాట్లాడదామంటే నాలుగు గోడలే దిక్కు. ఎవరో వదిలించుకున్న ఈ పాత మిషను ఇంటికి వచ్చాకే పొద్దు గడవడం మొదలైంది. ముక్కలు అతికి బొంత కుడుతుంది. సంచులు, దిండు గలీబులు కుడుతుంది. ఎవరి కోసమని అడిగితే ఆమెకే తెలియదు. ఇదీ పోతే పిచ్చెక్కుతుందని మాత్రం తెలుసు.

“అమ్మకండి. చప్పుడు కాకుండా నేను చూస్తాను,” అంది.

మర్నాటి నుంచి మిషను జోలికి పోలేదు. పాత దుప్పట్లు, తన నైటీలు, అతని చిరిగిన బనీన్లు, అన్నీ పేలికలుగా కత్తిరించింది. ముడులు వేసి పెద్ద ఉండగా చుట్టింది. బొటనవేలంత లావు క్రోషే సూది పట్టుకుని, మిషను కింద వెయ్యడానికి చాప అల్లడం మొదలుపెట్టింది. రెండు పొరలు, దళసరిగా. పేలికలు లాగి లాగి మణికట్లు పీకేవి. ఒక్కో వరస పూర్తయ్యేసరికి నీరసం వచ్చేది.

“నా ఒంటి మీద చొక్కా అయినా మిగులుస్తావా?” అన్నాడు భర్త.

నవ్వే ఓపిక ఆమెకు లేదు.

విచిత్రం ఏమిటంటే, మిషను మూలపడి ఉన్నా కర్ర చప్పుడు ఆగలేదు. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి.

“కుట్టకపోయినా కొడుతోందండీ. ఇప్పుడు నేనేం చేశానట?”

“అలవాటైపోయి ఉంటుంది. అత్తగారన్నాక ఊరికే ఉంటుందా?”

ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఆయాసం వినిపించింది. ఆమె తలుపుకున్న కంతలోంచి చూసింది. కింది ఇంటావిడే. రెండు చేతులూ కర్ర మీద ఆన్చి రొప్పుతోంది. కాసేపటికి కర్రతో తలుపు మీద తట్టింది.

టక్, టక్.

ఇక పోట్లాటే అనుకుంది ఆమె. వచ్చీరాని భాషలో పోట్లాడే శక్తి తనకు లేదు. అల్లిక ఉండను గుండెలకు హత్తుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. చాలాసేపటికి కర్ర ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు వినిపించింది.

మరికొన్నాళ్లకు చాప పూర్తయింది. మిషను కింద పరిచి భయంభయంగా కుట్టింది. నేల అదరలేదు. ఆపి, చెవులు రిక్కించింది.

కింద నుంచి ఏమీ లేదు. ఆ తర్వాత రోజూ లేదు.

“నెగ్గావు,” అన్నాడు భర్త.

ఇన్నాళ్లకు ఆమె కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది.

ఆ వారంలోనే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఒక నడివయసు స్త్రీ, చేతులనిండా దుమ్ము.

“కింది ఇంట్లో ఉండేది మా అమ్మ. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. సామాను జరిపితే చప్పుడవుతుంది, ఏమీ అనుకోకండి.”

“అమ్మగారు ఎక్కడున్నారు?”

“ఆస్పత్రిలో చేర్చి చాలా రోజులైంది. మొన్న పోయింది.”

చాప పూర్తయ్యేనాటికే కింద ఎవరూ లేరన్నమాట.

“మీరు కులాసాయే కదా?” కూతురు ఆమెను పరీక్షగా చూసింది. “పై ఇంటి అమ్మాయి మిషను ఆగిపోయింది, పైకి వెళ్లినా తలుపు తియ్యలేదు, ఎలా ఉందో ఏమోనని ఆస్పత్రిలో కూడా అమ్మకు ఒకటే బెంగ.”

“నా మిషనుతో ఆవిడను చాలా విసిగించానండీ.” ఆమె మాటలు కూడబలుక్కుంది. “కోపం వచ్చి కర్రతో కప్పు మీద కొట్టేవారు. ఒక్కసారైనా క్షమాపణ చెప్పుకోలేదు.”

కూతురు తెల్లబోయింది.

“కోపమా? అమ్మ బతుకంతా బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందే గడిచిందండీ. ఆ రొదలో మాట వినపడదు. పక్క మిషను ఆగిందంటే బల్ల మీద ఇలా కొట్టేవాళ్లట,” అని తలుపు చెక్క మీద వేలితో తట్టి చూపించింది. “ఒంట్లో బాగానే ఉందా అని అడగడం అది, బాగానే ఉన్నానని చెప్పడానికి మిషను ఒక్కసారి తిప్పితే చాలట.”