రెండో గుంటకి కరెంటు

"ఇంకో రెండు గుప్పెళ్లు ఐసు పొయ్యయ్యా, దారిలో కరిగిపోతుందేమో," అంది కామాక్షి. కొంగు ముక్కుకి అడ్డంగా కట్టుకుని, ఒలిచిన రొయ్యలకి పసుపూ నిమ్మరసం పట్టించి మూడోసారి కడుగుతోంది.

"ముక్కెందుకు మూసుకుంటావు మే? ఏఈ గారింటికి పోయే సరుకు," అన్నాడు పెంచలప్రసాద్.

"ఆ కరెంటాఫీసు పేరెత్తితేనే నాకు కంపు."

థర్మాకోల్ డబ్బాకి మూత పెట్టి, ఆమె పాత చీరలోంచి చింపిన పేలికతో గట్టిగా కట్టాడు. ఆకుపచ్చ మీద పసుపు పూలు.

మొన్న రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి మొదటి గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. పక్కనే గొయ్యి తీసి, సున్నం చల్లి చాలామటుకు పూడ్చారు. రెండో గుంట అద్దె జనరేటర్ మీద బతుకుతోంది. పంట కోతకొచ్చింది, అప్పులన్నీ దాని మీదే ఉన్నాయి. అమ్మేద్దామంటే, "ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటగా" అని కొనేవాళ్లు ఫోన్లోనే రేటు సగం చేశారు. అమెరికాలో రొయ్యల మీద సుంకం పెంచితే అదే రోజు ఇక్కడ రేటు పడుతుంది. తగ్గిస్తే మాత్రం ఆ కబురు ఈ ఊరిదాకా రాదు.

లైన్‌మన్ సిలార్ ముందే చెప్పాడు. "ఖాళీ చేతుల్తో పోతే స్టాకు లేదంటాడన్నా. రొయ్యలు పెడితే మాట మెత్తబడతాడు."

పెంచలప్రసాద్ వెళ్లేసరికి ఏఈ నరేంద్రబాబు ఫోన్లో ఉన్నాడు. "నా ట్రాన్స్‌ఫర్ సంగతి మధుబాబు గారికి ఒకసారి గుర్తు చెయ్యండి. నన్ను ఇక్కడి నుంచి కదపొద్దని చెప్పండి." ఫోన్ పెట్టేసి, తలెత్తకుండానే అన్నాడు. "స్టాకు లేదయ్యా."

పెంచలప్రసాద్ డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఏంటిది?"

"రొయ్యలు సార్. పెద్దవి ఏరి పెట్టినాం."

ఏఈ పేలిక సడలించి, మూత కొంచెం ఎత్తి చూశాడు. "తలలు తీసేశారే?"

"మేడమ్‌కి శ్రమెందుకని ఒలిపించినాను సార్. కారం మాత్రం గట్టిగా పడాల. ఈ పూటే వండించుకోండి."

"మర్యాద తెలిసిన మనిషివి."

లేని స్టాకు అప్పటికప్పుడు పుట్టింది. రేపే ట్రాన్స్‌ఫార్మర్ అన్నాడు ఏఈ. పెంచలప్రసాద్ చేతులు జోడించి బయటికొచ్చి, గేటు దాటగానే తుపుక్కున ఉమ్మేశాడు.

అన్నమాట ప్రకారమే మర్నాడు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. దిమ్మె ఎక్కింది, వైర్లు కలిపారు. స్విచ్ మాత్రం వెయ్యలేదు.

"మధుబాబు గారు రేపు వచ్చి వేస్తాడంటన్నా. అప్పటిదాకా ముట్టుకోవద్దన్నాడు ఏఈ," అన్నాడు సిలార్.

"ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రారంభోత్సవం ఏంది సిలారూ?"

"పోయిన నెల చేతిపంపుకి కొత్త హ్యాండిల్ వేస్తే, దానికీ రిబ్బన్ కత్తిరించినాడు గదన్నా."

మధుబాబు వార్డు మెంబరుగా కూడా గెలిచిన మనిషి కాదు. కానీ పార్టీవాడు. ఆయన ఊ అంటే ఉద్యోగాలు నిలుస్తాయి, ఊహూ అంటే ఊరు మారతాయి. ఆయన ఖాళీ కోసం జనరేటర్ ఇంకో రోజు డీజిల్ తాగింది.

మర్నాడు గట్టు మీద షామియానా లేచింది. ఫ్లెక్సీలో మధుబాబు మొహం ట్రాన్స్‌ఫార్మర్ కన్నా పెద్దగా ఉంది. ఆయన మైకు పట్టుకున్నాడు. "రైతు కష్టం విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు!"

"ఏసీ ఆగిపోయుంటాది," అంది కామాక్షి, పక్కనున్న ఆడవాళ్లకి మాత్రమే వినిపించేలా.

గుంట అవతల జనరేటర్ దగ్గింది. ఆఖరి క్యాను అడుగంటుతోంది.

"అన్నా, ఆ స్విచ్ ముందు వేస్తే..." అన్నాడు పెంచలప్రసాద్.

"తొందరపడకు తమ్ముడూ. ముందు రైతుతో కలిసి భోజనం, వీడియో. తర్వాతే స్విచ్."

ఆకుల ముందు కూర్చోబెట్టారు. ఎర్రటి రొయ్యల కూర కలిపి, మధుబాబు స్వయంగా పెంచలప్రసాద్ నోటికి ముద్ద అందించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కారం నషాళానికి అంటింది. పెంచలప్రసాద్ మింగాడు. ఇంకో ముద్ద. అదీ మింగాడు. షామియానా చివర కామాక్షి రెండు చేతులూ ఊపుతోంది. నలుగురిలో మొగుడికి దక్కిన మర్యాదకి పొంగిపోతోందనుకుని, ఈ తతంగం మీద ఇంత అసహ్యంలోనూ ఆమె వైపు చూసి నవ్వాడు.

"మీరు తినరా అన్నా?"

"డాక్టరు నన్ను రొయ్యలు మానెయ్యమన్నాడు. ఇవి మొన్న మీ ఏఈ అభిమానంగా మా ఇంటికి పంపినవి. మీ ఊరి సరుకేనంట. ప్రజలది ప్రజలకే చెందాలని తెప్పించి వండించాను!"

మళ్లీ చప్పట్లు. అందరికన్నా గట్టిగా ఏఈ కొట్టాడు.

పెంచలప్రసాద్ నవ్వు ఆగింది. కామాక్షి ఇప్పుడు చేతులు ఊపడం లేదు, వేలు పెట్టి చూపిస్తోంది. పొయ్యి పక్కన మూత తీసిన థర్మాకోల్ డబ్బా ఉంది. దాని అంచుకి ఆకుపచ్చ పేలిక వేలాడుతోంది, పసుపు పూలది.

జనరేటర్ ఒకసారి ఆగి, మళ్లీ అందుకుంది.

"ఫోకస్ కుదర్లేదు సార్, ఇంకొక్క ముద్ద," అన్నాడు వీడియో తీసేవాడు. "అన్నా, నువ్వు నోరు ఇంకొంచెం పెద్దగా!"

పెంచలప్రసాద్ స్విచ్ వైపు చూశాడు. రెండో గుంట వైపు చూశాడు. కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

ఆ డబ్బాలో పెట్టింది మొదటి గుంటలో చచ్చిన రొయ్యల్ని.