వయసు చెప్పని తాతగారు

తాతగారు మళ్ళీ పసిపాప అయిపోయారు.

ప్రోగ్రాములు పరీక్షించే టెస్టరు తల పట్టుకున్నాడు. తాతగారంటే నిజం మనిషి కాదు, పరీక్ష కోసం పుట్టించిన రోగి. ఆయన వయసు గడిని కావాలనే ఖాళీగా వదిలారు. కింది గదిలో పెద్దమేడం ప్రోగ్రాం ఆయన వివరాలు మూటకట్టి పంపింది. పై గదిలో కొత్తమ్మాయి ప్రోగ్రాం ఆ మూట విప్పింది. పేరు సరే, జబ్బు సరే. వయసు దగ్గర సున్నా.

రెండు ప్రోగ్రాములూ వేర్వేరు కంప్యూటర్ భాషల్లో ఉన్నాయి. ఒకటి కట్టిన మూటను ఇంకొకటి విప్పితే పొల్లుపోకుండా అదే రావాలి. సాయంత్రంలోగా రాకపోతే ఆస్పత్రి పని చేజారిపోతుంది.

పైగా, రాసే ఇద్దరూ ఒకరినొకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు. మూట ఎలా కట్టాలో చెప్పే పుస్తకమే ఇద్దరికీ దిక్కు. మాట్లాడుకుంటే ఆ పుస్తకంలోని లొసుగులు మాటల్లోనే సర్దుకుపోతాయట. అందుకే సందేహాలన్నీ టెస్టరే మోయాలి.

"రాయకపోవడం వేరు, సున్నా వేరు," అంది కొత్తమ్మాయి. "వయసు చెప్పని ముసలాయన్ని ఉయ్యాల్లో పడుకోబెడతారా అని అడగండి ఆవిడని."

టెస్టరు మెట్లు దిగాడు. దిగుతూ దిగుతూ మాటలకు కాస్త చక్కెర కలిపాడు.

"మేడం, మీ పని ముచ్చటగా ఉందంటోంది ఆ అమ్మాయి. తాతగారు ఉయ్యాల్లో పడతారేమోనని చిన్న బెంగ, అంతే."

"ఆ పిల్ల పుట్టకముందు నుంచీ నా భాషలో ఖాళీ అంటే సున్నాయే," అంది పెద్దమేడం. ఆ ఆఫీసులో యజమానితో సహా ఎవరైనా ఆమెను మేడం అనాల్సిందే. "ఇంకా బొడ్డూడలేదు, నాకు పాఠాలా?"

టెస్టరు మెట్లెక్కాడు.

"ఇంత చిన్న వయసులో ఎంత తెలివో అని మురిసిపోయారండీ."

"ఆవిడే అన్నారా?"

"దాదాపు."

మెట్ల దగ్గర వాచ్‌మన్ నవ్వాడు. "పోతే కంపెనీ పని పోతుంది. నీకెందుకు బాబూ ఇంత ఆయాసం?"

"అవి కలవకపోతే నాకు పుట్టగతులుండవు," అన్నాడు టెస్టరు రొప్పుతూ.

ఈసారి పైకి వెళ్ళేసరికి కొత్తమ్మాయి మెత్తబడింది. "పోనీ, వయసుకు ముందు ఒక గుర్తు పెడదాం. ఉందా, లేదా అని. లేదంటే సున్నా జోలికే పోనక్కర్లేదు. ఆవిడ భాషకీ ఇబ్బంది ఉండదు."

టెస్టరు రెండేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చాడు. నోరు తెరిచేలోగా పెద్దమేడం అంది. "పైకెళ్ళి చెప్పు. వయసుకు ముందు ఒక గుర్తు పెడితే సరిపోతుంది."

ఆ ఒక్కసారికీ చక్కెర అవసరం పడలేదు.

పుస్తకంలో ఆ మాట చేర్చారు. మూట పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. తాతగారు తాతగారిలాగే దిగారు. వయసు మాత్రం చెప్పలేదు. ఆఫీసంతా చప్పట్లు.

"ఇక చూడొచ్చుగా. పిలువు ఆ మొండిఘటాన్ని," అంది పెద్దమేడం.

కొత్తమ్మాయి బెదురుతూ దిగి వచ్చింది. పెద్దమేడం ఆమె బుగ్గలు పుణికింది. "పగలే దీపం పెట్టి వెతికినా ఇలాంటి పిల్ల దొరకదు. ఏ ఇల్లు పుణ్యం చేసుకుందో."

టెస్టరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఫోటో కూడా చూడనని నువ్వు తిప్పికొట్టిన పిల్ల ఈమే."