ఏ కూరకి ఏ సీసా

పద్దెనిమిదేళ్ళు ఓడలో వంటపని చేసిన ఏసుదానం, గొంతు జబ్బుతో భోగాపురం తిరిగొచ్చాడు. వస్తూ రెండు ఎర్ర వైను సీసాలు తెచ్చాడు. మద్యనిషేధం రోజులు. ఆ సాయంత్రం తలుపు గడియ పెట్టి, భార్య కాంతం వండిన వేటమాంసం, చేపల పులుసు మధ్యన, సీసాకొకటిగా పోసిన రెండు గ్లాసులు ఆమె ముందుకే జరిపాడు.

“సర్చి సంఘంలో ఉన్నదాన్ని, నాకిదేటి మావా?”

“మా ఓడోళ్ళు ముగ్గురు బోజనానికొస్తారు. ఏ కూరకి ఏ సీసా తియ్యాలో నీకు తెలవాల. ఒక్క గుక్క సూసి సెప్పు.”

కాంతం కళ్ళు మూసుకుని, ఒక్కో కూర మీద మొదటి సీసాలోది తాగింది. “పులుసు మీద ఇనుము నాకినట్టున్నాది. మాంసం మీదయితే నేరేడుపండు వగరు, బాగున్నాది.”

“నోరంటే నీదే,” అని మురిసిపోయాడు ఏసుదానం.

రెండో సీసాలోది పులుసుకి నప్పింది. ఆమెకు నవ్వొచ్చింది. “ఎప్పుడొస్తారు? గ్లాసుల్లో నువ్వే పోద్దువులే, నేను కూరలొడ్డిస్తాను.”

“నువ్వు కబురెడితే వస్తారు. అడ్రసులు బైబిల్లో ఎట్టాను,” అన్నాడతను నెమ్మదిగా. “నన్ను పూడ్సి వచ్చేసరికి ఆకలి మీదుంటారు. ముందు మాంసం ఎట్టు.”

కాంతం గ్లాసులో మిగిలినదంతా తాగేసింది. రుచేమీ తెలియలేదు.