ఇరవై నిమిషాల్లో నిండు జీవితం

"మొదటి ఉద్యోగం ఎక్కడ?" కళ్ళద్దాలు సవరించుకుని అడిగింది భార్య వెర్నా.

"పాల డిపోలో. సీసాలు కడగడం," ఠక్కున అన్నాడు హార్లన్.

"తప్పు! బొగ్గుగనిలో. నలభై ఒకటో పేజీ."

"బొగ్గుగనా? ఎవరు చెప్పారు?"

"పుస్తకం చెప్పింది. నీ తెలివితేటలు ఇంట్లో పెట్టి, ఇందులో ఏముంటే అది చెప్పు."

షికాగోలో టీవీ స్టూడియో మేకప్ గది అది. ఉదయం ఏడూ నలభై. ఎనిమిదికి ప్రత్యక్ష ప్రసారం. వెర్నా ఒళ్ళో నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకం ఉంది. దాని నిండా ఒక మాజీ గవర్నర్ జీవితమే. ప్రశ్నలన్నీ అందులోంచే వస్తాయి. పోయిన నెల ఇదే కార్యక్రమంలో ఒక పెద్దాయన జవాబు తెలియక నీళ్ళు నమిలితే, దేశమంతా పడీ పడీ నవ్వింది. హార్లన్ భయమంతా అదే. డెబ్భై మూడేళ్ళొచ్చాక నవ్వులపాలైతే ఇక వీధిలో తలెత్తుకు తిరిగేదెలా?

"ఆర్నెల్లుగా బల్ల మీదే పడుంది. ఒక్కసారి తెరిచిన పాపాన పోయావా?" దులిపేసింది వెర్నా.

"నువ్వు తెరిచావా?"

"నాకెందుకు? పరీక్ష నీకా, నాకా?"

మేకప్ చేస్తున్న డొలోరెస్ అతని ముక్కు మీద పౌడర్ అద్దుతూ, "కంగారు పడకండి సార్. ఇక్కడికొచ్చే వాళ్ళంతా ఇలాగే ఆఖరి నిమిషంలో బట్టీ కొడతారు," అంది.

హార్లన్ తుమ్మాడు. పౌడరంతా పుస్తకం మీద పడింది.

"కుక్క పేరు?" పేజీ దులుపుతూ అడిగింది వెర్నా.

"బస్టర్."

"బిస్మార్క్!"

"కుక్కకి అంత పేరా!"

"గొప్పవాళ్ళ కుక్కలకి అలాంటి పేర్లే ఉంటాయి. రాసినవాడికి తెలీదా?"

"సరే తల్లీ. గవర్నర్ గారికి పెళ్ళాం ఎక్కడ దొరికిందట?"

వెర్నా గబగబా పేజీలు తిప్పింది. చదువుతూ చదువుతూ సిగ్గుపడిపోయింది. "వానలో, రైల్వే స్టేషన్‌లో, ఒకే గొడుగు కింద! అబ్బ, ఎంత బాగా రాశాడో!"

"మరి? పళ్ళ డాక్టరు దగ్గర, బుగ్గ వాచి కూర్చున్నప్పుడు దొరికిందంటే ఎవరు కొంటారు?"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. మేకప్ చెడిపోతోందని డొలోరెస్ కసిరింది.

ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా హార్లన్ మొత్తం అప్పజెప్పాడు. బొగ్గుగని, బిస్మార్క్, గొడుగు, ఓడిన రెండు ఎన్నికలు, తల్లి చివరి మాట. ఒక్క తప్పు పోలేదు. వెర్నా సంబరంగా అతని టై సర్ది, "ఇంక ఏం అడిగినా నీకు తిరుగులేదు. పో!" అంది.

హార్లన్ పెళ్ళికొడుకులా నడిచివెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. లైట్లు వెలిగాయి.

యాంకరమ్మ ఆ పుస్తకాన్ని కెమెరా వైపు ఎత్తి చూపించి, తియ్యగా నవ్వుతూ మొదటి ప్రశ్న వేసింది: "గవర్నర్ గారూ, ఇంత లావు ఆత్మకథ, ఒక్కో అక్షరం మీ చేత్తో మీరే రాసుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందండీ?"